కారు వినైల్ ర్యాప్ తొలగింపు

కారు బాడీకి అతికించిన వినైల్ ఫిల్మును అడుగున ఉన్న పెయింటు చెడకుండా ఊడదీసి, మిగిలిపోయిన జిగురును శుభ్రం చేయడాన్ని ర్యాప్ తొలగింపు అంటారు. రంగు మీద మోజు తీరినప్పుడు, ఫిల్ము ఎండకు పాడైనప్పుడు, కారు అమ్మేటప్పుడు, వ్యాపార ప్రకటన గడువు ముగిసినప్పుడు ఈ పని అవసరమవుతుంది. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. హీట్ గన్ లేదా హెయిర్ డ్రయ్యర్, ప్లాస్టిక్ స్క్రేపర్, జిగురు కరిగించే ద్రవం, కొన్ని గుడ్డలు ఉంటే ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. అయితే పని సాఫీగా సాగుతుందా, పెయింటు పెచ్చులతో సహా ఊడి వస్తుందా అన్నది చేతి నైపుణ్యం మీద కంటే రెండు పాత విషయాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఒకటి, ఆ ఫిల్ము ఏ రకానిది, ఎన్నేళ్లు ఎండలో ఉంది. రెండు, దాని కింద ఉన్నది కంపెనీ పెయింటా, తర్వాత షెడ్డులో వేయించినదా.

నేపథ్యం

ర్యాప్‌కు మూలమైన రెండు ఆవిష్కరణలు అమెరికాలో ఒక ఏడాది తేడాతో జరిగాయి. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో 3ఎం కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు. అప్పట్లో కార్లకు రెండు రంగులు వేయడం ఫ్యాషన్. రంగుల మధ్య గీత కోసం పెయింటర్లు అంటించిన టేపు, తీసేటప్పుడు కొత్త పెయింటును కూడా లాక్కుని వచ్చేది. గట్టిగా పట్టుకోవాలి, అడిగినప్పుడు చెడగొట్టకుండా వదలాలి అన్న రెండు గుణాలను ఒకే జిగురులో ఇమడ్చడం డ్రూ ముందున్న సమస్య. నేటి ర్యాప్ జిగురు ముందున్న సమస్యా అదే. 1926లో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ పెళుసుగా ఉండే పాలీవినైల్ క్లోరైడును, అంటే పి.వి.సి.ని, మెత్తగా సాగేలా మార్చాడు. నీళ్ల గొట్టాలకు వాడే పి.వి.సి., కారుకు చుట్టే ఫిల్ములోని పి.వి.సి. మూలంలో ఒకటే పదార్థం. తేడా అంతా దానిలో కలిపిన ప్లాస్టిసైజర్ అనే మెత్తబరిచే నూనెలది.

కారు మొత్తానికి ఫిల్ము చుట్టే పద్ధతి జర్మనీ ట్యాక్సీలతో స్థిరపడింది. అక్కడ ట్యాక్సీలు రాల్ 1015 అనే లేత దంతపు రంగులో ఉండాలని నిబంధన ఉండేది. ట్యాక్సీగా తిప్పిన కారును ఆ రంగుతో మళ్లీ అమ్మాలంటే ధర పలకదు. 1993లో కే.పి.ఎం.ఎఫ్. అనే సంస్థ పెయింటుకు బదులుగా ఈ రంగు ఫిల్మును తయారుచేసి ఇచ్చింది. కొన్నేళ్ల తర్వాత ఫిల్మును ఊడదీసి చూస్తే అడుగున పెయింటు చెక్కుచెదరకుండా కనిపించింది. అంటే ర్యాప్‌కు మార్కెట్టు ఏర్పడిందే అది ఊడి వస్తుందన్న భరోసా మీద. నల్ల కారుకు మ్యాట్ రంగు, వెండి కారుకు ఎరుపు వంటి సొగసుల వాడకం ఆ తర్వాత విస్తరించింది.

తెలుగు ప్రాంతాల్లో వినైల్ ఎక్కువగా కనిపించేది సిటీ బస్సుల మీది ప్రకటనల్లో, డెలివరీ వ్యాన్ల మీద, ఎన్నికల ప్రచార వాహనాల మీద. వీటిలో చాలావరకు తక్కువ కాలానికి ఉద్దేశించిన చవక రకం ఫిల్ము ఉంటుంది. నాలుగు వారాల ప్రచారం కోసం అంటించినదాన్ని ఏడాది పాటు అలాగే వదిలేస్తే, తీసేటప్పుడు అదే పెద్ద తలనొప్పి అవుతుంది.

ఫిల్ము నిర్మాణం

ర్యాప్ ఫిల్ములో పైన రంగు పొర, దాని కింద జిగురు పొర ఉంటాయి. అంటించేముందు తీసి పారేసే కాగితం మూడోది. డిజిటల్ ప్రింట్ ఉన్న ఫిల్ము మీద రక్షణ కోసం పారదర్శకమైన లామినేషన్ పొర అదనంగా ఉంటుంది.

తయారీని బట్టి ఫిల్ములు రెండు తెగలు. కాస్ట్ ఫిల్ము ద్రవరూపంలోని వినైల్‌ను పలచగా పోసి, ఓవెన్‌లో ఆరబెట్టగా వస్తుంది. దాని మందం సుమారు 50 మైక్రాన్లు. దాన్ని ఎవరూ సాగదీసి తయారు చేయలేదు కాబట్టి లోపల బిగువు ఉండదు, వంపుల మీద నిలబడుతుంది, తీసేటప్పుడు పెద్ద ముక్కలుగా వస్తుంది. క్యాలెండర్డ్ ఫిల్ము వేడి రోలర్ల మధ్య నలిగి షీటుగా వస్తుంది. మందం సాధారణంగా 75 నుంచి 100 మైక్రాన్లు. రోలర్లు సాగదీసిన బిగువు దానిలో మిగిలే ఉంటుంది గనుక కాలక్రమంలో కుంచించుకుపోతుంది. అంచుల దగ్గర ఫిల్ము వెనక్కి జరిగి, బయటపడిన జిగురు గీతకు దుమ్ము పట్టి నల్లగా కనిపించడం దీని లక్షణం.

జిగురు సాధారణంగా యాక్రిలిక్ రకానిది. ఇది ఆరిపోయి గట్టిపడే జిగురు కాదు, ఒత్తిడితో అంటుకునేది. అంటించిన మొదటి గంటలో దాని పట్టు తక్కువ. ఒకటి రెండు రోజుల్లో అది పెయింటు ఉపరితలంలోని సూక్ష్మమైన ఎత్తుపల్లాల్లోకి పారి పూర్తి బలం పుంజుకుంటుంది. కొత్తగా వేసిన ఫిల్ము తేలిగ్గా ఊడిందని, మూడేళ్ల ఫిల్మూ అలాగే ఊడుతుందనుకోవడం పొరపాటు.

ఫిల్ములోని ప్లాస్టిసైజర్ స్థిరంగా ఉండదు. ఎండకు కొంత ఆవిరైపోతుంది, కొంత జిగురులోకి దిగుతుంది. పైన ఫిల్ము పెళుసుబారుతుంది, కింద జిగురు మెత్తబడి జారుతుంది. పాత ర్యాప్ తీసేటప్పుడు ఎదురయ్యే రెండు బాధలకూ, అంటే ఫిల్ము చిన్న చిన్న ముక్కలుగా తెగడానికీ జిగురంతా కారు మీదే మిగలడానికీ కారణం ఈ ఒక్క మార్పే.

పట్టు వదిలే తీరు

ర్యాప్ ఉన్న కారు తలుపు అడ్డుకోత ఊహించుకుంటే వరస ఇలా ఉంటుంది: ఫిల్ము, జిగురు, క్లియర్ కోట్, రంగు, ప్రైమర్, తుప్పు నిరోధక పొర, ఉక్కు రేకు. లాగినప్పుడు వీటిలో అన్నిటికంటే బలహీనమైన అతుకు తెగుతుంది. జిగురుకూ క్లియర్ కోట్‌కూ మధ్య తెగితే పని చక్కగా జరిగినట్టు. ఫిల్ముకూ జిగురుకూ మధ్య తెగితే, లేదా జిగురు పొరే నడిమికి చీలితే, కారు మీద బంక మిగులుతుంది. క్లియర్ కోట్‌కూ రంగుకూ మధ్యనో, రంగుకూ ప్రైమర్‌కూ మధ్యనో తెగితే పెయింటు పోతుంది. తొలగింపులోని మెళకువలన్నీ మొదటి అతుకును మిగతావాటికంటే బలహీనం చేయడానికే. దీనికి చేతిలో ఉన్న పగ్గాలు మూడు: వేడి, వేగం, కోణం.

వేడి జిగురును మెత్తబరుస్తుంది, ఫిల్మును సాగేలా చేస్తుంది. ఉపరితలం సుమారు 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలా ఫిల్ములు దారికొస్తాయి. అంతకు మించి వేడిచేస్తే లాభం తగ్గి నష్టం మొదలవుతుంది. ఫిల్ము చూయింగ్ గమ్‌లా సాగి తెగుతుంది, జిగురు నడిమికి చీలుతుంది.

వేగం విషయంలో జిగురుది విచిత్ర స్వభావం. నెమ్మదిగా లాగితే ద్రవంలా జరుగుతుంది, విసురుగా లాగితే ఘనపదార్థంలా ఎదురు తిరుగుతుంది. విసురుకు పుట్టిన బలమంతా పెయింటు మీద పడుతుంది. జిగురు పట్టును కొలిచే ఫినాట్ సంస్థ ప్రామాణిక పరీక్షలో ఫిల్మును నిమిషానికి 300 మిల్లీమీటర్ల వేగంతో లాగుతారు. అంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు. ఇంట్లో అంత నిదానం ఎప్పుడూ కుదరకపోయినా, ఎంత మెల్లగా లాగడం మంచిదో ఆ అంకె గుర్తుచేస్తుంది.

కోణానికి లెక్క ఉంది. 1944లో రొనాల్డ్ రివ్లిన్ చూపిన సూత్రం ప్రకారం, ఒకే పట్టు ఉన్న ఫిల్మును నిలువుగా 90 డిగ్రీల్లో ఎత్తడానికి పట్టే బలంలో సగంతోనే, దాన్ని వెనక్కి మడిచి 180 డిగ్రీల్లో లాగవచ్చు. పైగా నిలువుగా ఎత్తినప్పుడు బలమంతా పెయింటును రేకు నుంచి పైకి పీకే దిశలో పనిచేస్తుంది. అందుకే ఊడిన అంచును ఇంకా ఊడని భాగం మీదికి మడిచి, కారు బాడీకి దగ్గరగా వాల్చి లాగడం మేలు. మడత దగ్గరే ఫిల్ము తెగుతుంటే అది పెళుసుబారిందని గుర్తు. అప్పుడు మడతను కాస్త తెరిచి, వేడి కొంచెం పెంచి లాగాలి.

ముందస్తు పరిశీలన

ఫ్యాక్టరీలో వేసిన పెయింటును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పొరలన్నీ కలిపి దాని మందం దాదాపు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. యాక్సిడెంటు తర్వాత డెంటింగ్, పెయింటింగ్ చేయించిన భాగానికి ఆ వేడి తగలదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలున్న కారును అంత వేడిలో పెట్టలేరు కాబట్టి, షెడ్డుల్లో దాదాపు 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు, లేదా గాలికి వదిలేస్తారు. కింద లప్పం సరిగా ఆరకపోయినా, పాత పెయింటును ఉప్పుకాగితంతో గరుకు చేయకుండా కొత్తది వేసినా పొరల మధ్య పట్టు ఉండదు. ర్యాప్‌తో పాటు పెయింటు ఊడివచ్చే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇలా తిరిగి వేసిన పెయింటుకు సంబంధించినవే.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు కారు చరిత్ర తెలుసుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారయితే పెయింటు మందం కొలిచే మీటరుతో చూడవచ్చు. కంపెనీ పెయింటు ఉన్న భాగాలన్నిటి మీదా అంకెలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక్క డోరు మీదే రెట్టింపు చూపిస్తే అది మళ్లీ పెయింటు పడిన డోరు. మీటరు లెక్కలో ఫిల్ము, జిగురు మందం కూడా కలిసి ఉంటాయని మరవకూడదు. మీటరు లేకపోతే డోరు అంచుల్లో, బానెట్ లోపలివైపు రంగు తేడా, రబ్బరు బీడింగ్ మీద పడిన పెయింటు చుక్కలు ఆధారాలు.

తర్వాత కంటికి ఎక్కువగా కనపడని చోట, ఉదాహరణకు వెనక డోరు కింది మూలలో, అరచేయంత మేర తీసి చూడాలి. ఫిల్ము ఒకే ముక్కగా వస్తోందా, జిగురు ఎంత మిగులుతోంది, ఫిల్ము వెనక రంగు పొట్టు అంటుకుందా అన్న మూడు ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది. పొట్టు కనపడితే ఆ భాగం వరకు ఆపి, పెయింటర్‌తో మాట్లాడాకే ముందుకు వెళ్లాలి.

సామగ్రి

హీట్ గన్ ముక్కు దగ్గర గాలి వేడి 500 డిగ్రీలు దాటగలదు. అందువల్ల వేడి తగ్గించుకునే వీలున్నది, తక్కువ సెట్టింగులో వాడాలి. హెయిర్ డ్రయ్యర్‌తో పని నెమ్మదిగా సాగుతుంది కానీ పెయింటును కాల్చే ప్రమాదం తక్కువ. మొదటిసారి చేసేవారికి అదే మంచిది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఊహ మీద ఆధారపడనక్కర్లేదు. లేకపోతే చేయి పెట్టి చూడాలి. అరచేయి ఒకటి రెండు క్షణాలకు మించి ఆనించలేనంత వేడి ఉంటే ఆపేయాలి. వాల్‌పేపరు తీసే ఆవిరి యంత్రం కూడా పనికొస్తుంది. ఆవిరి 100 డిగ్రీలు దాటదు, వేడి సమంగా పరుచుకుంటుంది.

గీకడానికి ప్లాస్టిక్ బ్లేడ్లు, ప్లాస్టిక్ స్క్రేపర్ మాత్రమే వాడాలి. ఉక్కు బ్లేడు అద్దాల మీద సరే గానీ పెయింటు మీద ఎంత జాగ్రత్తగా నడిపినా గీత పడుతుంది. జిగురు కరిగించడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నిమ్మజాతి తొక్కల నూనెతో చేసిన రిమూవర్, తారు మరకలు తీసే ద్రవం, వైట్ స్పిరిట్ వంటివి వాడతారు. వీటితో పాటు మైక్రోఫైబర్ గుడ్డలు, నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు దగ్గర ఉంచుకోవాలి.

తొలగించే విధానం

మొదట కారును షాంపూతో కడిగి ఆరబెట్టాలి. ఫిల్ము మీద ఇసుక ఉంటే అది గుడ్డ కిందో స్క్రేపర్ కిందో చేరి పెయింటును గీస్తుంది. పని నీడలో చేయాలి. ఎండలో నిలిపిన ముదురు రంగు కారు బానెట్ చేయి పెట్టలేనంతగా కాలుతుంది కాబట్టి, ఒక పక్క తీస్తుండగానే మరో పక్క జిగురు అవసరానికి మించి కరిగిపోతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో అయితే పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ఆపడం మంచిది. చలికాలపు అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్నవారికి సమస్య దీనికి తలకిందులు. చలికి వినైల్ బిరుసెక్కి విరుగుతుంది. గ్యారేజీని వెచ్చబరచకుండా పని మొదలుపెట్టకూడదు.

తర్వాత అడ్డు వచ్చే విడిభాగాలు తీయాలి. అనుభవమున్న పనివాళ్లు ర్యాప్ వేసేటప్పుడు డోరు హ్యాండిళ్లు, లైట్లు, లోగోలు విప్పి ఫిల్ము అంచును వాటి వెనక దాకా మడుస్తారు. వాటిని విప్పకుండా లాగితే అంచు చీలి లోపల ఉండిపోతుంది. అయితే విప్పడం తెలియని భాగాన్ని బలవంతంగా ఊడబెరికితే క్లిప్పులు విరుగుతాయి. అలాంటి చోట అంచు వరకు తీసి, మిగిలిన ఇరుకైన ముక్కను ప్లాస్టిక్ పరికరంతో లాగడం మేలు.

ఒక్కో ప్యానెల్‌ను పూర్తిచేశాకే ఇంకోదానికి వెళ్లాలి. మూల దగ్గర మొదలుపెట్టి హీట్ గన్‌ను అరడుగు, అంతకంటే కొంచెం ఎక్కువ దూరంలో పట్టుకుని, ఒకచోట నిలపకుండా అటూ ఇటూ ఆడిస్తూ వేడిచేయాలి. గోరుతోనో ప్లాస్టిక్ బ్లేడుతోనో అంచు లేపి, రెండు చేతులా పట్టుకుని, మడిచి, సమంగా లాగాలి. లాగుతున్న గీతకు కాస్త ముందు భాగాన్ని వేడిచేస్తూ పోవాలి. ఇద్దరుంటే ఒకరు వేడి, మరొకరు లాగుడు చూసుకోవచ్చు. వెడల్పు ఎక్కువైతే బలం ఎక్కువ పట్టి ఫిల్ము చిరుగుతుంది. కానీ వెడల్పు తగ్గించడానికి కారు మీద కత్తితో గీయకూడదు. అప్పటికే ఊడిన భాగాన్ని గాలిలో పట్టుకుని కత్తెరతో కోయాలి.

ఫిల్ము ఊడగానే కనిపించే పెయింటు కొంచెం మసకగా ఉండవచ్చు. అది జిగురులోని గాలి పోయే సన్నని గాళ్లు వదిలిన గుర్తు. కడిగితే ఎక్కువగా పోతుంది.

భాగాలను బట్టి జాగ్రత్తలు

డోర్లు, ఫెండర్లు అన్నిటికంటే సులువు. నిలువుగా ఉంటాయి కాబట్టి ఎండ తక్కువ తగులుతుంది. పని చేయి తిరగడానికి ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బానెట్, టాప్, డిక్కీ మూత ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. తయారీదారులు ఈ అడ్డ ఉపరితలాలకు ఇచ్చే వారంటీ నిలువు ఉపరితలాలకు ఇచ్చేదానికంటే బాగా తక్కువ. ఎండ ఎక్కువున్న ప్రాంతాలకు ఇంకా తగ్గిస్తారు. ఒకే రోజు వేసిన ర్యాప్ డోరు మీద ఒక్క ముక్కగా ఊడి, టాప్ మీద పొట్టుపొట్టుగా రాలడం మామూలే.

బంపర్లు పాలీప్రొపైలీన్ వంటి ప్లాస్టిక్‌తో చేసినవి. రేకు మీద పట్టినంతగా వాటి మీద పెయింటు పట్టదు. ఎక్కువ వేడికి బంపరే వంకరపోవచ్చు. పార్కింగ్ సెన్సర్లు, లోపలి రాడార్ ఉన్న చోట వేడి మరింత తగ్గించాలి. పైగా కార్లలో ఎక్కువసార్లు గీతలు పడి, మళ్లీ పెయింటు వేయించుకునే భాగం బంపరే. అందుకే దాన్ని ఆఖరున, అన్నిటికంటే నిదానంగా తీయాలి.

లోతైన గాళ్లు, అంచులు, నంబరు ప్లేటు గుంట వంటి చోట్ల ఫిల్ము లేచిపోకుండా ర్యాప్ వేసేవారు కొన్నిసార్లు టేప్ ప్రైమర్ పూస్తారు. అక్కడ పట్టు చాలా రెట్లు ఎక్కువ. బలం పెంచి లాగే బదులు ద్రవాన్ని అంచు కిందికి ఇంకనిచ్చి, కాసేపు ఆగి తీయాలి.

మిగిలిన జిగురు

పెయింటు మీద జిగురు మిగిలితే గుడ్డను ద్రవంలో తడిపి, ఆ చోట పరిచి, కొన్ని నిమిషాలు నాననివ్వాలి. వెంటనే రుద్దితే జిగురు ఉండలు కట్టి పాముకుంటుంది. నానాక ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ఒకే దిశలో తోసి, కొత్త గుడ్డతో తుడిచి, షాంపూ నీళ్లతో కడగాలి. నిమ్మనూనె రిమూవర్లు, వైట్ స్పిరిట్ మందపు జిగురును మెత్తబరుస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆఖరున మిగిలే పల్చని జిడ్డును తీస్తుంది. ఇంట్లో కిరోసిన్ వాడేవారున్నారు. అది పనిచేస్తుంది గానీ నూనె పొర వదులుతుంది, తర్వాత బాగా కడగాలి.

పెయింటు షెడ్డుల్లో దొరికే ఎన్.సి. థిన్నర్, అసిటోన్ జోలికి పోకూడదు. జిగురుకంటే వేగంగా అవి తిరిగి వేసిన పెయింటును, ప్లాస్టిక్ లైట్లను కరిగిస్తాయి. పెట్రోలు అన్నిటికంటే ప్రమాదకరం. దాని ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకోగలదు.

డ్రిల్లుకు తగిలించి తిప్పే రబ్బరు చక్రం మరో మార్గం. గట్టి రబ్బరు రాపిడికి జిగురు ఉండలుగా రాలుతుంది. కంపెనీ పెయింటు మీద తక్కువ వేగంతో, ఒకచోట ఆపకుండా వాడితే ఫలితం బాగుంటుంది. ఒక్క చోట నిలిపితే రాపిడి వేడికి క్లియర్ కోట్ కాలిపోతుంది. తిరిగి వేసిన పెయింటు మీద దీన్ని వాడకపోవడమే మంచిది.

ఎండిపోయిన ఫిల్ము

ఫిల్ము మీద ఎండిన చెరువు నేలలా పగుళ్లు కనిపిస్తే, అది గోరంత ముక్కలుగానే వస్తుందని ముందే తెలుసుకోవాలి. ఇక్కడ వేడి ఒక్కటే చాలదు, ఆవిరి మెరుగు. ఫిల్ము, జిగురు రెండూ సమంగా వేడెక్కుతాయి కాబట్టి స్క్రేపర్‌తో తోస్తే కొంత మేర కలిసి వస్తాయి. పెయింటు మీద వాడే వినైల్ రిమూవర్ ద్రవాలు మార్కెట్లో ఉన్నాయి. వాటిని పూసి, ఆరకుండా పైన పాలిథిన్ కాగితం కప్పి, సూచించిన సమయం ఆగాక గీకుతారు.

మంచి కాస్ట్ ఫిల్ము ఉన్న కారును అలవాటున్న ఇద్దరు ఒక్క రోజులో శుభ్రం చేయగలరు. ఇలా ఎండిపోయిన ర్యాప్ ఉన్న కారు ఒంటరి మనిషికి అనేక రోజుల పని. ఎక్కువ ఆలస్యమైన ర్యాప్ తీయించడానికి షాపులు కొత్త ర్యాప్‌కు ముందుచేసే మామూలు తొలగింపు కంటే చాలా ఎక్కువ అడగడం ఇందుకే.

కనిపించే నష్టాలు, సవరణలు

రంగు తేడా: ఫిల్ము కప్పిన చోట పెయింటుకు ఎండ తగలదు. బానెట్ మీద గీతలు, డోరు మీద కంపెనీ పేరు వంటి పాక్షిక స్టిక్కర్లు తీశాక అవే ఆకారాలు నీడలా మిగులుతాయి. పాలిష్ చేస్తే కొంత తగ్గుతాయి. చుట్టూ ఉన్న పెయింటు నిజంగానే వెలిసిపోతే పూర్తిగా పోవు.

కత్తి గీతలు: ర్యాప్ వేసినప్పుడు ఫిల్మును కారు మీదే కోసి ఉంటే, తీశాక సన్నని గీతలు బయటపడతాయి. రేకు వరకు దిగిన గీత, ముఖ్యంగా విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి సముద్రతీర పట్టణాల్లో, తొందరగా తుప్పు పడుతుంది. టచ్ అప్ పెయింటుతో వెంటనే మూయాలి.

పొట్టు లేవడం: క్లియర్ కోట్ ఊడిన చోట పాలిష్‌తో ప్రయోజనం లేదు. ఆ ప్యానెల్‌కు తిరిగి పెయింటు వేయాల్సిందే. ర్యాప్ కింద ముందే క్లియర్ కోట్ చెడి ఉండి, ఆ లోపాన్ని దాచడానికే ఫిల్ము వేసిన కార్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో దొరుకుతుంటాయి. అలాంటి కారుకు తొలగింపు వల్ల నష్టం జరగదు, పాత నష్టం బయటపడుతుంది.

అన్నీ సరిగా ఉంటే క్లే బార్‌తో ఉపరితలాన్ని నునుపు చేసి, అవసరమైన చోట సన్నరకం పాలిష్ పట్టి, మైనం లేదా సీలెంట్ పూయడంతో పని ముగుస్తుంది. జిగురు తీసే ద్రవాలు పాత మైనాన్నంతా కడిగేస్తాయి గనుక ఈ చివరి పూత తప్పనిసరి.

వినైల్ కాని పొరలు

పెయింటు రక్షణకు వేసే పి.పి.ఎఫ్. వినైల్ కాదు, థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్. మందం సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్లు. రబ్బరులా సాగి సులువుగా తెగదు కాబట్టి పెద్ద ముక్కలుగా వస్తుంది, కానీ లాగడానికి బలం ఎక్కువ కావాలి. క్రోమ్ ఫిల్ములు ఎక్కువ పొరలతో బిరుసుగా ఉండి మామూలు ర్యాప్ కంటే మొండికేస్తాయి. స్ప్రే చేసి ఆరబెట్టే రబ్బరు పూతలు మందంగా ఉంటే చర్మంలా ఊడి వస్తాయి. పలచగా కొట్టినవి ద్రవంతో తుడిస్తే తప్ప పోవు.

వెనక అద్దానికి వేసే చిల్లుల ప్రకటన ఫిల్ము చిల్లుల వెంట తెగుతుంది. అద్దం గట్టిది కాబట్టి అక్కడ ఆవిరి, సబ్బు నీళ్లు, ఉక్కు బ్లేడు వాడవచ్చు. లోపలివైపు ఉండే డీఫాగర్ తీగల మీద మాత్రం బ్లేడు నడపకూడదు. కారు అద్దాల సన్ ఫిల్ము తీయడం కూడా ఈ కోవలోనిదే. నల్ల ఫిల్ముల మీద 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత దేశమంతా లక్షల కార్ల యజమానులకు ఈ పని చేయాల్సి వచ్చింది.

భద్రత, వ్యర్థాలు

వేడి, మండే ద్రవం ఒకే సమయంలో వాడకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకోగలదు, అంటే మన వాతావరణంలో ఏడాదంతా. ఒక ప్యానెల్‌లో వేడితో ఫిల్ము తీసి, గన్ ఆపి, రేకు చల్లారాకే ద్రవం ముట్టుకోవాలి. తలుపులు తెరిచి గాలి ఆడేలా చూడాలి. ద్రవంలో తడిసిన గుడ్డలను కుప్పగా గదిలో వదలకుండా బయట ఆరబెట్టాలి.

ఊడిన ఫిల్మును తగలబెట్టకూడదు. పి.వి.సి. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువు వెలువడుతుంది, డయాక్సిన్లు కూడా పుట్టవచ్చు. జిగురు అంటి ఉండటం వల్ల పాత ప్లాస్టిక్ కొనేవారు సాధారణంగా దీన్ని తీసుకోరు. జిగురు వైపు లోపలికి వచ్చేలా చుట్టి పొడి చెత్తలో ఇవ్వాలి.

రిజిస్ట్రేషన్ పత్రంలో రంగు

మన దేశంలో వాహనం ఆర్.సి.లో రంగు నమోదై ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. ర్యాప్ వేసినప్పుడు కొత్త రంగును రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించి ఉంటే, తీసేశాక పాత రంగును తిరిగి నమోదు చేయించుకోవాలి. కారు అమ్మేముందు ర్యాప్ తీసేవారికి ఇది మరీ ముఖ్యం. కాగితంలో ఒక రంగు, కళ్ల ముందు మరో రంగు ఉంటే పేరు మార్పిడి దగ్గర చిక్కులు వస్తాయి.

ఇంట్లోనా, షాపులోనా

కంపెనీ పెయింటు, కాస్ట్ ఫిల్ము, మూడు నాలుగేళ్ల లోపు వయసు, పగుళ్లు లేని ఉపరితలం అన్న నాలుగూ కలిసినప్పుడు ఇంట్లో చేయడానికి వెనకాడనక్కర్లేదు. వీటిలో ఒకటి లోపిస్తే ఆ ప్యానెల్ వరకైనా షాపుకు ఇవ్వడం గురించి ఆలోచించాలి. అయితే షాపువారు కూడా తిరిగి పెయింటు పడిన భాగానికి హామీ ఇవ్వరు. పని తీసుకునే ముందే, పెయింటు ఊడితే తమ బాధ్యత లేదని రాయించుకోవడం వాడుక. బలహీనమైన పెయింటును ఏ చేయీ బలంగా మార్చలేదు కాబట్టి అందులో అన్యాయం లేదు. ఖర్చు తగ్గించుకునే మార్గం తీసే రోజున కాదు, దానికి ముందే ఉంది: మంచి ఫిల్ము ఎంచుకోవడం, కొత్తగా పెయింటు వేయించిన ప్యానెల్ పూర్తిగా ఆరేదాకా, సాధారణంగా కనీసం నెల రోజులు, ర్యాప్ వేయకుండా ఆగడం, తయారీదారు చెప్పిన గడువు లోపలే బానెట్, టాప్ మీది ఫిల్మును మార్చేయడం.